మేడ మీద వదిలేసిన డిష్ ఎవరిది?

ఈసారి సాయంత్రం బయటికెళ్లినప్పుడు ఫోన్‌లోంచి ఒక్క నిమిషం తలెత్తి మేడల వైపు చూడండి. పిట్టగోడల మీద, బాల్కనీ గ్రిల్స్‌కి, వాటర్ ట్యాంకుల పక్కన.. ఎన్ని డిష్‌లో! వాటిలో చాలావాటికి వైరు తెగి వేలాడుతుంటుంది. ఆ ఇంట్లోవాళ్లు ఎప్పుడో ఫైబర్ నెట్ పెట్టించుకుని ఓటీటీకి మారిపోయి ఉంటారు. లేదంటే ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరెళ్లిపోయి ఉంటారు. డిష్ మాత్రం ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ అక్కడే ఉంటుంది.

మనలో చాలామందికి ఇప్పుడు టీవీ అంటే ఫోనే. కానీ ఊళ్లో ఉన్న అమ్మమ్మకి, కొత్తగా రూమ్ తీసుకున్న నలుగురు బ్యాచిలర్స్‌కి, సైట్‌లో పని చేసుకుంటూ అక్కడే ఉండే కుటుంబానికి టీవీ అంటే ఇంకా టీవీయే. వాళ్లలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మనల్ని అడుగుతారు. "ఆ పాత డిష్ ఊరికే పడుంది కదా, మేం వాడుకోవచ్చా?" అని. లేదా "సెకండ్ హ్యాండ్‌లో డిష్, బాక్స్ కలిపి ఐదొందలకే ఇస్తామంటున్నారు, తీసుకోమంటావా?" అని. మనకి టెక్నాలజీ తెలుసని వాళ్ల నమ్మకం!

దీనికి ఊరికే అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. ఎందుకంటే మనం 'డిష్ కనెక్షన్' అని ఒక్క మాటలో అనేసేది నిజానికి రెండు వేర్వేరు సంగతులు. ఒకటి సామాను. ఇంకొకటి ఒకరి పేరు మీద ఉన్న ఖాతా. సామాను చేతులు మారుతుంది. ఖాతా అంత తేలిగ్గా మారదు. ఈ తేడా తెలిస్తే పనికొచ్చే డిష్ పాత ఇనుములోకి పోదు, పనికిరాని బాక్స్‌కి డబ్బులూ పోవు.

డిష్‌కి కంపెనీ తెలీదు

ముందు సామాను సంగతి చూద్దాం. మన డీటీహెచ్ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకి సరిగ్గా పైన, సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. భూమి ఎంత వేగంగా తిరిగితే అవీ అంతే వేగంగా తిరుగుతాయి కాబట్టి మనకి ఆకాశంలో కదలకుండా ఒకేచోట ఉన్నట్టే. అందుకే డిష్‌ని ఒకసారి బిగిస్తే చాలు, రోజూ తిప్పే పని లేదు.

అక్కడి నుంచి వచ్చే సిగ్నల్ చాలా పల్చగా ఉంటుంది. దాన్ని పోగుచేసి ఒకచోటికి పంపే గిన్నె లాంటిదే డిష్. ఆ ఒకచోట, అంటే ముందుకి చాపిన కడ్డీ చివర, చిన్న డబ్బా ఉంటుంది చూశారా? అదే ఎల్‌ఎన్‌బీ. పైనుంచి వచ్చే సిగ్నల్ 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీని మామూలు కేబుల్ వైరులో ఇంట్లో దాకా తేలేం. అందుకని ఎల్‌ఎన్‌బీ దాన్ని 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్యకి దించి వైరులోకి పంపిస్తుంది.

ఈ పని ఏ కంపెనీ అయినా ఇలాగే జరుగుతుంది. డిష్ మీద ఉన్న కంపెనీ బొమ్మ పెయింట్ మాత్రమే. ఎరుపు డిష్ అయినా, నీలం డిష్ అయినా సిగ్నల్‌కి తేడా తెలీదు. తేడా అంతా అది ఏ వైపు చూస్తోంది అన్నదాంట్లో ఉంది. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటాయి. డిష్ టీవీది 95. ఎయిర్‌టెల్‌ది 108.2. దూరదర్శన్ వాళ్ల డీడీ ఫ్రీ డిష్ జీశాట్-15 నుంచి వస్తుంది, అది 93.5 డిగ్రీల దగ్గర ఉంది.

అంటే డిష్ టీవీ వాళ్ల పాత డిష్‌ని ఫ్రీ డిష్‌కి మార్చాలంటే పిసరంత జరిపితే చాలు. టాటా ప్లే డిష్ అయితే కొంచెం ఎక్కువ తిప్పాలి. అంతే తప్ప కొత్త డిష్ కొనక్కర్లేదు.

బాక్స్ మాత్రం ఒక్కరి మాటే వింటుంది

ఇప్పుడు రెండో సంగతి. పే ఛానెళ్ల సిగ్నల్ మన అందరి మేడల మీదా పడుతూనే ఉంటుంది, డబ్బు కట్టినవాళ్ల మీదా, కట్టనివాళ్ల మీదా. కానీ దానికి తాళం వేసి పంపిస్తారు. ఆ తాళం చెవి కొన్ని సెకన్లకోసారి మారుతూ ఉంటుంది. కొత్త తాళం చెవి ఎవరికి అందాలో కంపెనీ సర్వర్ చూసుకుంటుంది. మీ బాక్స్‌లోని స్మార్ట్ కార్డ్, లేదా బాక్స్ లోపలే ఉన్న చిప్, ఆ చెవిని అందుకుని తాళం తీస్తుంది. చాలా కంపెనీలు కార్డ్‌కీ బాక్స్‌కీ ముడి వేసేస్తాయి. ఈ కార్డ్ తీసి ఇంకో బాక్స్‌లో పెడితే పని చెయ్యదు.

అందుకే ఒక కంపెనీ బాక్స్ ఇంకో కంపెనీకి పనికిరాదు. ఫోన్ విషయంలో ఇలా లేదు కదా! సిమ్ మార్చుకుంటే అదే ఫోన్. నంబర్ కూడా మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం దేశమంతా 2011 జనవరి నుంచి ఉంది. సెట్ టాప్ బాక్స్‌కీ అలాంటి వీలు ఉండాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో కేంద్రానికి సిఫార్సు చేసింది. కానీ ఇవాళ్టికీ మీరు షాపులోకెళ్లి ఏ కంపెనీకైనా పనికొచ్చే బాక్స్ ఇమ్మంటే షాపతను నవ్వుతాడు.

కాబట్టి "డిష్, బాక్స్ ఐదొందలు" అని ఎవరైనా అమ్ముతుంటే లెక్క ఇలా వేసుకోండి. డిష్, ఎల్‌ఎన్‌బీ, స్టాండు, బోల్టులకి ఒక ధర. బాక్స్‌కి ధర కట్టాలంటే ముందు ఈ ప్రశ్నలకి జవాబు రావాలి.

ఒకటి, బాక్స్ అసలు అమ్మేవాళ్లదేనా? కొన్ని బాక్స్‌లు డబ్బిచ్చి కొన్నవి, కొన్ని అద్దెవి. అద్దె బాక్స్‌ని అమ్మే హక్కు వాళ్లకి లేదు.

రెండు, ఖాతా మీ పేరుకి మారుతుందా? "నా ఐడీ మీదే రీఛార్జ్ చేసుకో బ్రో, ఏం కాదు" అంటారు చూశారా, అక్కడే జాగ్రత్త. డబ్బు మీది, ఖాతా వాళ్లది. ఓటీపీ వాళ్ల నంబర్‌కి వెళ్తుంది. ప్యాక్ మార్చాలన్నా, కంప్లైంట్ పెట్టాలన్నా, ఇల్లు మారినప్పుడు షిఫ్టింగ్ అడగాలన్నా వాళ్లకే ఫోన్ చెయ్యాలి. వాళ్లు ఆ నంబర్ వదిలేశారనుకోండి, ఇంకా తిరకాసు. మూసేసిన మొబైల్ నంబర్‌ని 90 రోజుల దాకా ఇంకెవరికీ ఇవ్వరు. ఆ తర్వాత ఇవ్వొచ్చు. అంటే మీ టీవీ ఓటీపీ ముక్కూ మొహం తెలియని మూడో మనిషికి వెళ్లొచ్చు.

మూడు, అది మెయిన్ బాక్సా, మల్టీ టీవీ బాక్సా? ఇంట్లో రెండో టీవీకి తీసుకున్న బాక్స్ మెయిన్ కనెక్షన్‌ని ఆనుకుని ఉంటుంది. మెయిన్‌ది ఆగిపోతే ఇదీ ఆగిపోతుంది.

నాలుగు, ఆండ్రాయిడ్ బాక్స్ అయితే పాత లాగిన్‌లు తీసేశారా? ఇప్పటి బాక్స్‌ల్లో గూగుల్ అకౌంట్, యూట్యూబ్ హిస్టరీ, ఓటీటీ యాప్‌లు ఫోన్‌లో ఉన్నట్టే ఉంటాయి. వేరేవాళ్ల అకౌంట్‌తో మీ ఇంట్లో టీవీ నడవడం మీకూ మంచిది కాదు, వాళ్లకీ మంచిది కాదు. వాళ్ల ముందే ఫ్యాక్టరీ రీసెట్ చేయించి తీసుకోండి.

సులువైన పరీక్ష ఒకటుంది. డబ్బు ఇచ్చేముందే పాత సబ్‌స్క్రైబర్ తన రిజిస్టర్డ్ నంబర్ నుంచి కస్టమర్ కేర్‌కి కాల్ చేసి, ఖాతా మీ పేరుకి మార్చడం కుదురుతుందా, బాకీ ఏమైనా ఉందా అని స్పీకర్ పెట్టి అడగాలి. కుదురుతుందంటే కొనండి. కుదరదంటే డిష్ వరకే బేరం ఆడి, బాక్స్ వాళ్లకే వదిలెయ్యండి.

మా వాచ్‌మన్ అన్న అడిగిన మాట

ఇంతవరకూ వస్తువు, ఖాతా. నాకు మూడో సంగతి నేర్పించింది మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్న. వాళ్లది పాలమూరు వైపు. ఇక్కడ హైదరాబాద్‌లో పార్కింగ్ పక్కన ఒక్క గదిలో భార్య, ఇద్దరు పిల్లలతో ఉంటారు. ఇంట్లో ఉన్నది ఒకటే స్మార్ట్‌ఫోన్. సాయంత్రమైతే అది పిల్లల చేతిలో ఉంటుంది. గేటు దగ్గర డెలివరీ బాయ్‌లు నిలబడి ఉంటారు, యాప్‌లో ఎంట్రీ కొట్టాలంటే ఫోన్ కావాలి, పిల్లలేమో కార్టూన్ మధ్యలో వదలరు. రోజూ ఇదే గొడవ.

మూడో అంతస్తు వాళ్లు పెద్ద టీవీ కొనుక్కుని, పాత చిన్న టీవీ అన్నకి ఇచ్చేశారు. టీవీ అయితే వచ్చింది గానీ అందులో ఏమీ రాదు.

"నెలనెలా రీఛార్జంటే మావల్ల గాదు సార్" అన్నాడు అన్న. నిజమే. మామూలు తెలుగు ప్యాక్ తీసుకున్నా నెలకి రెండు మూడొందలు. ఏడాదికి లెక్కేస్తే ఆ ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

టెర్రస్ మీద ఒక డిష్ ఉంది. నాలుగో అంతస్తులో ఉండే కుర్రాడు బెంగళూరులో ఉద్యోగం వచ్చి ఖాళీ చేసి వెళ్తూ వదిలేసింది. ఏడాది అయింది. "దాన్ని ఫ్రీ డిష్‌కి తిప్పుదాం అన్నా, నెలనెలా కట్టే పని ఉండదు" అన్నాను.

ఆయన సంతోషపడతాడనుకున్నాను. పడలేదు. కాసేపు ఆగి, "ఆ సార్ రేపొచ్చి నా డిష్ ఏదంటే ఏం జెప్పాలె సార్? బిల్డింగ్‌ల ఏం పోయినా ముందుగాల అడిగేది నన్నే గదా" అన్నాడు.

నాకు ఆ డిష్ 'ఊరికే పడున్న సామాను'. ఆయనకి అది వేరేవాళ్ల సామాను. నేను తీసుకుంటే 'రీయూజ్' అంటారు, ఆయన తీసుకుంటే ఇంకో మాట అంటారు. ఆ మాట పడితే పోయేది డిష్ కాదు, ఉద్యోగం. ఉద్యోగంతో పాటు గది.

అక్కడే బెంగళూరు కుర్రాడికి వాట్సాప్ పెట్టాను. "టెర్రస్ మీద మీ పాత డిష్, ఎల్‌ఎన్‌బీ ఉన్నాయి. మీకు అక్కర్లేకపోతే మన వాచ్‌మన్ అన్నకి ఇచ్చేస్తారా? బాక్స్, కార్డ్ వద్దు. మీ ఐడీతో పని లేదు." పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "అయ్యో, తీసుకోమనండి. నాకు మళ్లీ అక్కర్లేదు. బాక్స్ నా దగ్గరే ఉంది."

ఆ మెసేజ్‌ని అన్న ఫోన్‌కి ఫార్వర్డ్ చేశాను. ఫ్లాట్ ఓనర్‌కీ, అసోసియేషన్ సెక్రటరీ గారికీ పంపించి, వైరు కిందికి దించుకోవడానికి సరే అనిపించుకున్నాను. సెక్రటరీ గారు బొటనవేలు బొమ్మ పెట్టాక గానీ అన్న టెర్రస్ మెట్లు ఎక్కలేదు.

అడిగి తీసుకోవడానికి పట్టింది పది నిమిషాలు. రాసి పెట్టుకున్న ఆ రెండు వాక్యాలు ఆయనకి రసీదు. సెకండ్ హ్యాండ్ వస్తువు డబ్బుకి కొన్నా, ఊరికే తీసుకున్నా ఇలాంటి ఒక మెసేజ్ ఉండాలి. ముఖ్యంగా తీసుకునేవాళ్లు మనకన్నా తేలిగ్గా అనుమానానికి దొరికే మనుషులైతే.

ఆగ్నేయం మూలకి తిప్పుదాం

ఇక పని. మార్కెట్‌లో ఫ్రీ టు ఎయిర్ బాక్స్ తొమ్మిది వందలకి దొరికింది. పాత వైరు ఎండకి పగిలిపోయింది కాబట్టి ఇరవై ఐదు మీటర్ల కొత్త వైరు, రెండు కనెక్టర్లు ఐదొందల దాకా అయ్యాయి. డిష్, ఎల్‌ఎన్‌బీ, స్టాండు పాతవే. డిష్‌కి సొట్టలు లేవని చూసుకున్నాం. ఈ సిగ్నల్ అల పొడవు రెండున్నర సెంటీమీటర్లే కాబట్టి, పెద్ద సొట్ట ఉంటే సిగ్నల్ ఎల్‌ఎన్‌బీ మీదికి రాకుండా చెదిరిపోతుంది. అంచు మీద కాస్త తుప్పు ఉంటే ఫర్వాలేదు. ఎల్‌ఎన్‌బీ ముందు ప్లాస్టిక్ మూత పగిలి నీళ్లు దిగి ఉంటే మాత్రం మార్చాలి. ఒక డిష్ కడ్డీని ఇంకో డిష్‌కి బిగించే ప్రయోగాలు వద్దు. ఏ గిన్నెకి ఆ కడ్డీ కొలత.

హైదరాబాద్ నుంచి చూస్తే 83 డిగ్రీల ఉపగ్రహం దాదాపు దక్షిణంలో, కొంచెం తూర్పుకి ఒరిగి ఉంటుంది. దిక్సూచిలో 165 డిగ్రీలు. ఎత్తు 69 డిగ్రీలు. మనకి కావాల్సిన 93.5 డిగ్రీల జీశాట్-15 దిక్సూచిలో 138 డిగ్రీలు, ఎత్తు 63. అంటే ఆగ్నేయం మూల. వాస్తు చూసేవాళ్లకి వంటిల్లు ఎటో, మనకి డిష్ అటు!

ఫోన్‌లో కంపాస్ యాప్ ఉంటుంది కదా, దాంతో దిక్కు చూడొచ్చు. కానీ ఇనుప రెయిలింగ్, డిష్ పక్కన నిలబడి చూస్తే ముల్లు తప్పు చూపిస్తుంది. నాలుగడుగులు దూరంగా జరిగి చూసి, అటు వైపు కనిపించే ఏదో ఒక గుర్తు, కరెంటు స్తంభమో టవరో, పెట్టుకోండి. ఆ వైపు చెట్టు కొమ్మలు అడ్డం ఉండకూడదు. ఇంకో సంగతి. ఇళ్ల మీద ఉండే ఈ డిష్‌ల కడ్డీ కింది నుంచి పైకి వస్తుంది. వీటి చూపు మొహం ఉన్న వైపు కన్నా ఇంకా పైకి ఉంటుంది. అందుకే ఎత్తుని కంటితో అంచనా వెయ్యకుండా వెనక బ్రాకెట్ మీద ఉన్న డిగ్రీల గీతలు చూసి పెట్టాలి.

తర్వాత బాక్స్ మెనూలో జీశాట్-15 లేదా 93.5 ఎంచుకుంటే రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి స్ట్రెంగ్త్, రెండోది క్వాలిటీ. స్ట్రెంగ్త్ చూసి మోసపోకండి. డిష్ గోడ వైపు తిప్పి ఉన్నా, ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, అది కొంచెం చూపిస్తుంది. మనకి కావాల్సింది క్వాలిటీ.

నేను, అన్న పైన. అన్న పెద్దబ్బాయి కింద గదిలో వీడియో కాల్‌లో టీవీ స్క్రీన్ చూపిస్తున్నాడు. అన్న డిష్‌ని వేలెడంత తిప్పి ఆగుతాడు, బాక్స్‌కి సిగ్నల్ పట్టుకోవడానికి రెండు మూడు సెకన్లు కావాలి కాబట్టి. సున్నా. మళ్లీ వేలెడు. సున్నా. ముప్పావు గంట సున్నాలే. తర్వాత పన్నెండు. "ముప్పై, ముప్పై! ఆగు నాన్నా, కదలకు!" అని కింద నుంచి కేక. డిష్‌ని అలాగే పట్టుకుని, ఎల్‌ఎన్‌బీని దాని హోల్డర్‌లోనే కొంచెం మెలితిప్పితే డెబ్బై దాటింది. ఉపగ్రహం మారితే సిగ్నల్ వచ్చే వాలు కూడా మారుతుంది, అందుకే ఈ మెలిక. ఇది చాలామంది మర్చిపోయి డిష్‌ని తిట్టుకుంటారు.

రెండు జాగ్రత్తలు. వైరు బిగించేటప్పుడు బాక్స్ ప్లగ్ తీసెయ్యండి. ఆ వైరులో ఎల్‌ఎన్‌బీ కోసం 13 లేదా 18 వోల్టుల కరెంటు పైకి వెళ్తుంది. లోపలి తీగ, బయటి అల్లిక తగిలితే బాక్స్ పోవచ్చు. రెండోది అన్నిటికన్నా ముఖ్యం. పిట్టగోడ అంచున ఒక్కరే పని చెయ్యొద్దు, కరెంటు తీగలు దగ్గర్లో ఉంటే అసలు చెయ్యొద్దు, మెకానిక్‌ని పిలవండి. మూడొందలు మిగుల్చుకోవడం కోసం మేడ మీద నుంచి పడటం ఏ లెక్కలోనూ లాభం కాదు.

ఏమొస్తాయి, ఏం రావు

ముందే నిజం చెప్పాలి. ఫ్రీ డిష్‌లో నెలవారీ బిల్లు లేదు, కానీ అన్నీ రావు. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన సర్వీస్ ఇది. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి, డీడీ న్యూస్, డీడీ స్పోర్ట్స్, ఆకాశవాణి వస్తాయి. ప్రైవేట్ ఛానెళ్లకి ప్రసార భారతి స్లాట్లు వేలం వేస్తుంది కాబట్టి ఆ లిస్ట్ మారుతూ ఉంటుంది, వాటిలో హిందీవే ఎక్కువ. స్టార్ మా, జీ తెలుగు, జెమిని లాంటి పే ఛానెళ్లు వస్తాయని ఎవరికీ మాటివ్వకండి.

క్రికెట్ ప్రియులకి ఒక మంచి కబురు ఉంది. 2007లో వచ్చిన చట్టం ప్రకారం టీమిండియా ఆడే వన్డేలు, టీ20ల లాంటి ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ని ప్రైవేట్ బ్రాడ్‌కాస్టర్లు ప్రసార భారతికి ఇవ్వాలి. ఆ సిగ్నల్‌ని దూరదర్శన్ తన ప్రసారాల్లో, ఫ్రీ డిష్‌లో చూపించొచ్చు గానీ ప్రైవేట్ కేబుల్, డీటీహెచ్‌లకి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఐపీఎల్ మాత్రం ఆశించొద్దు. చదువుకునేవాళ్లకి ఇంకొకటి. 2017లో మొదలైన స్వయంప్రభ విద్యా ఛానెళ్లు కూడా ఈ జీశాట్-15 మీదే ఉన్నాయి.

సీరియల్స్ రావని వాచ్‌మన్ అన్న భార్యకి ముందే చెప్పాను. ఆవిడ మొహం కాస్త చిన్నబోయింది. తర్వాత ఆవిడే అంది. "పోనీ తియ్ సార్, వార్తలు, పాటలొస్తయ్ గదా. సీరియల్‌కి రెండో ఫ్లోర్ మేడమ్ వాళ్లింట్ల గిన్నెలు తోమేటప్పుడు సూస్త." పిల్లల కార్టూన్ గొడవ పూర్తిగా తీరలేదు గానీ, సాయంత్రం గేటు దగ్గర ఇప్పుడు ఫోన్ అన్న జేబులోనే ఉంటోంది.

ఈ పాత డిష్‌లకి ముందు ముందు ఇంకో ఉపయోగం కూడా ఉండొచ్చు. శాటిలైట్ ట్యూనర్ లోపలే ఉండే టీవీలకి బీఐఎస్ ఒక ప్రమాణం తెచ్చింది, ఐఎస్ 18112:2022 అని. అలాంటి టీవీకి మేడ మీది డిష్ వైరుని నేరుగా గుచ్చితే, వేరే బాక్స్ లేకుండానే ఉచిత ఛానెళ్లు వస్తాయి. టీవీ కొనేటప్పుడు ఈ సంగతి షాపులో అడిగి చూడండి.

మీరే ఖాళీ చేస్తుంటే

ఇప్పటిదాకా తీసుకునేవాళ్ల సంగతి చెప్పుకున్నాం. రేపు ఉద్యోగం మారి, ఊరు మారి, 'పాత సబ్‌స్క్రైబర్' అయ్యేది మనమే. అప్పుడు పదిహేను నిమిషాలు ఈ పని మీద పెట్టండి.

కనెక్షన్ కొత్త ఇంటికి తీసుకెళ్లకపోతే కస్టమర్ కేర్‌కి చెప్పి ఖాతా మూయించండి. బ్యాలెన్స్, డిపాజిట్ ఏమైనా ఉంటే ఎలా వెనక్కొస్తుందో అడగండి. అద్దె బాక్స్ అయితే తిరిగిచ్చి రసీదు తీసుకోండి. సొంత బాక్స్ అయితే లాగిన్‌లు తీసేసి రీసెట్ చెయ్యండి. ఎవరికీ పనికిరాని పాత బాక్స్‌ని చెత్తబుట్టలో వెయ్యకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

ఇక మేడ మీది డిష్. ఎవరికి ఇస్తున్నారో వాళ్ల పేరుతో ఓనర్‌కీ, సెక్రటరీకీ ఒక మెసేజ్ పెట్టండి. ఎవరికీ ఇవ్వకపోతే పర్మనెంట్ మార్కర్‌తో డిష్ వెనక 'నాకు అక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చు' అని రాసి, ఫ్లాట్ నంబర్, తేదీ వెయ్యండి. ఆ తర్వాత దాని మీద స్పానర్ పెట్టే మనిషి ఎవరైనా, "ఎవర్నడిగి తీశావ్?" అన్న ప్రశ్నకి జవాబు ఆ డిష్ మీదే ఉంటుంది.